పచ్చ కిటికీల మేడలో గాజుల చప్పుడు

చిక్కడపల్లి బజారు దాటి అశోక్‌నగర్ వైపు తిరిగే సందుల్లో ఒకదాని పేరు చెబితే, ఆ రోజుల్లో రిక్షావాళ్ళు బేరం కూడా ఆడేవాళ్ళు కారు.

"సందు మొదట్ల దిగుండ్రి సాబ్. లోపటికి నేను రాను."

సందు చివర పచ్చ కిటికీల మేడ ఒకటుంది. కింద రెండు గదులు, పైన ఒకటి. పగలు చూస్తే ఏముంది, ఆరేసిన చీరలు, గుమ్మానికి వాడిన మామిడాకులు, అందరి ఇళ్ళలాంటి ఇల్లే. రాత్రి చూడాలి. కాదు... వినాలి.

నారాయణగూడలో రెండో ఆట చూసొచ్చే కాలేజీ కుర్రాళ్ళు, దేవుడు లేడని వాదించేవాళ్ళతో సహా, ఆ సందు మొదట్లో సినిమా పాట ఆపి ఆంజనేయ దండకం ఎత్తుకునేవాళ్ళు.

ముందు గాజులు మోగేవి. ఘల్... ఘల్... చేతినిండా గాజులేసుకున్న ఆడది ఎవర్నో బుజ్జగిస్తున్నట్టు.

ఆ వెంటనే మగ గొంతు. అరుపు కాదు, ఏడుపు కాదు. నీళ్ళలో ముంచి పట్టిన మనిషిని జుట్టు పట్టి పైకి లాగితే ఎలా ఉంటుంది — అలా. తర్వాత గరగర... తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం మధ్యలో మళ్ళీ — ఘల్.

అరవై తొమ్మిది అది. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం రోజులు. పగలంతా ఊరేగింపులు, రాళ్ళు, పొగ. చాలా రాత్రులు కర్ఫ్యూ. కుక్క మొరిగినా నారాయణగూడ చౌరస్తా దాకా వినబడేంత నిశ్శబ్దం. ఆ గాజుల చప్పుడు గోడలు దూకి నాలుగిళ్ళ అవతలికి పాకేది. ఆ మేడలో గాజుల కామిని అనే ఆడదెయ్యం ఉందనీ, మగవాళ్ళ గొంతు పిసుకుతుందనీ పేరు స్థిరపడిపోయింది.

విన్నవాళ్ళు చాలామంది. చూసింది మాత్రం బీరమ్మ ఒక్కతే.

మేడకి ఎదురుగా కొత్త ఇల్లొకటి లేస్తోంది. పాలమూరు నుంచి పనికొచ్చిన చెన్నయ్య, బీరమ్మ దానికి కాపలా. ఇటుకల గుట్ట పక్కన రేకుల పాకలో వాళ్ళ కాపురం. ఓ రాత్రి బీరమ్మ బయటికొచ్చి తలెత్తింది. పై కిటికీలో గుడ్డి దీపం. మంచం మీద కొండలాంటి మగమనిషి, వెల్లకిలా. అతని మీదికి వంగి... జుట్టు విరబోసుకున్న ఆడది. ఎండిన పుల్లల్లాంటి చేతులు. ఒక చెయ్యి అతని గుండెల మీద ఆనించి ఉంది. రెండో చెయ్యి చెవి దగ్గర ఆడింది — ఘల్!

మంచం మీది మనిషి మెలిక తిరిగి, గొంతు చీలిపోయేలా ఎగశ్వాస తీశాడు.

బీరమ్మ పాకలోకి వచ్చి పడింది.

"లే... జర లే! మనిషి గుండెల మీద కూసొని పానం పీలుస్తున్నది!"

చెన్నయ్య కళ్ళు కూడా తెరవలేదు. "పీల్చనీ. ఆంధ్రోళ్ళ దయ్యం, ఆంధ్రోళ్ళనే తింటది. నీకేంది, పండు."

బయట నిలబడి చూసినవాళ్ళు చెప్పే కథ ఇక్కడితో అయిపోతుంది. లోపల ఏముందో చెప్పాలంటే, ముందు ఆ దెయ్యం పేరు చెప్పాలి.

వేదవతి.

ఆమె భర్త జోగారావు. కాకినాడ వైపు మనిషి. రాష్ట్రం ఏర్పడ్డాక బషీర్‌బాగ్‌లో ఒక ఆఫీసులో గుమాస్తాగా వచ్చాడు. పెద్ద ఒళ్ళు, పొట్టి మెడ, చిన్న నవ్వు. దోమని కొట్టబోయి 'పోనీలే పాపం' అని చెయ్యి దించేసే మనిషి. తల్లి పోతే అక్కయ్య పెంచింది. ఆవిడ పేరు బాలత్రిపురసుందరి. బాల్యంలోనే భర్త పోయి పుట్టింటికొచ్చి, తమ్ముడికి అన్నం కలిపి పెట్టడంలోనే జీవితం గడిపేసిన మనిషి. ఇప్పుడూ ఆ మేడలో కింది గదిలో ఆవిడే, ఇంటి తాళాలు ఆవిడ బొడ్లోనే.

జోగారావుకి లోకం పెట్టిన పేరు కుంభకర్ణుడు. ఫైలు మీద తల వాల్చి నిద్రపోయేవాడు. అన్నం ముద్ద నోట్లో ఉండగానే నిద్రపోయేవాడు. ఓసారి సైకిలు తొక్కుతూ తొక్కుతూ నిద్రపోయి నారాయణగూడ దగ్గర టాంగా కింద పడబోయాడు. "పేరే జోగారావయ్యా, జోగక ఏం చేస్తాడు!" అని ఆఫీసులో శ్రీపతి అనే మహా హాస్యగాడు అంటే, ఇలాంటి ప్రతిభ కోసమే జీతాలిస్తున్నట్టు అందరూ పడీపడీ నవ్వేవాళ్ళు. అధికారి మెమో ఇచ్చాడు. మరోసారి నిద్రపోతే ఉద్యోగం సంగతి ఆలోచించుకోమన్నాడు.

రోజూ పొద్దున లేవగానే తల పగిలిపోతోందనేవాడు. నోరు పిడచగట్టేది. కాళ్ళు వాచేవి. ఏమీ లేనిదానికి కసురుకుని, మళ్ళీ తనే గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకునేవాడు.

ఊరంతా నిద్రపోతు అన్న ఆ మనిషి ఏళ్ళ తరబడి నిద్రే పోలేదని ఒక్క వేదవతికే తెలుసు.

కన్ను మూతపడగానే గురక. గురక నడుమ ఉన్నట్టుండి దారం తెంపినట్టు ఆగిపోయేది. పొట్ట ఎగసిపడేది, ఛాతీ పెనుగులాడేది... ముక్కు దగ్గర చెయ్యి పెడితే గాలి ఉండేది కాదు. మొదటిసారి చూసినప్పుడు పోయాడనే అనుకుంది. పట్టుకుని కుదిపేస్తే, బావిలోంచి తేలినట్టు ఊపిరి తీశాడు. మళ్ళీ గురక. మళ్ళీ ఆగడం. రాత్రంతా, ప్రతి రాత్రీ.

కుదిపితే ఉలిక్కిపడి లేచేవాడు, గుండె దడదడలాడేది. ఓ రాత్రి దుప్పటి సవరిస్తుంటే ఆమె గాజులు అతని చెవి పక్కన మోగాయి. అతను మెలకువ రాకుండానే పక్కకి తిరిగి ఊపిరి తీసుకున్నాడు.

అంతే. ఆనాటి నుంచి ఆమె నిద్ర అదే. ఎడమ చెయ్యి అతని గుండెల మీద వేసి, కూర్చునే కునికేది. ఊపిరి ఆగితే ఆ చేతికి తెలిసేది. కుడి చెయ్యి గాజులు ఆడించేది.

వీధిలోవాళ్ళు విన్నది అబద్ధం కాదు. వరసే తప్పు. గాజులు మోగాక గొంతు పిసుకుతోందనుకున్నారు. గొంతు మూసుకుపోయాకే గాజులు మోగుతున్నాయి.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళలేదా అంటే — తీసుకెళ్ళింది. పెద్ద పేరున్నాయన.

"గురకా? అదృష్టవంతుడమ్మా! నాకు మాత్ర మింగితేగానీ పట్టదు."

"గురక కాదండీ... మధ్యలో ఊపిరి ఆగిపోతోంది."

"ఊపిరాగితే మనిషెలా బతుకుతాడు? ఏవో పీడకలలు వస్తున్నట్టున్నాయి నీకు. బలానికి టానిక్కు రాస్తాను, నువ్వు తాగు."

రక్తపోటు చూసి మాత్రం మొహం చిట్లించాడు. ఉప్పు తగ్గించమన్నాడు, నెయ్యి మానెయ్యమన్నాడు. పక్కనున్న ఆడది రాత్రంతా మేలుకుని చూసి చెప్పినదాని మీద కన్నా, చేతికి చుట్టిన గుడ్డపట్టీ మీద చదువుకున్నవాళ్ళకి నమ్మకం ఎక్కువ.

ఇప్పుడు దానికి పేరుంది. స్లీప్ ఆప్నియా అంటున్నారు. నిద్రలో గొంతు కండలు వదులై గాలిదారి మూసుకుపోతుందట. రక్తపోటు దాని వల్లేనట, పగటి తూగు దాని వల్లేనట, గుండె కూడా దాని వల్లే అలిసిపోతుందట. ముఖానికి గొట్టం తగిలించి రాత్రంతా గాలి పంపే యంత్రం కూడా వచ్చింది. అప్పుడు వేదవతి చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్ళి వైద్య పుస్తకాలన్నీ తిరగేస్తే ఎక్కడా ఒక్క ముక్క దొరకలేదు. ఆనాటికి ఆ జబ్బుకి ఉన్న యంత్రం ఒకటే. చేతినిండా మట్టిగాజులు, ఒక ఆడదాని నిద్ర.

పుస్తకాలు చెప్పనిది ఆమె చూసి తెలుసుకుంది. వెల్లకిలా పడుకుంటేనే ఎక్కువ ఆగుతోంది. పక్కకి తిరిగితే తక్కువ. గుప్పెడు వక్కలు గుడ్డలో మూటకట్టి, అతని బనీను వెనక నడిమధ్యన కుట్టేసింది. వెల్లకిలా తిరగబోతే గుచ్చుకుని తనే పక్కకి ఒత్తిగిలేవాడు.

ఆ కొద్ది రాత్రులు మేడలో దెయ్యం లేదు.

ఓ పొద్దున జోగారావు కాఫీ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని చిన్నపిల్లాడిలా నవ్వాడు. "వేదా, కాఫీకి ఇంత మంచి వాసనుంటుందే!"

ఆమె వంటింట్లోకి వెళ్ళి తనివితీరా ఏడ్చింది.

ఉతకడానికి వేసిన బనీనులో ఆ మూట బాలత్రిపురసుందరి చేతికి దొరికింది. అంతకు ముందురోజే వీధి పంపు దగ్గర బీరమ్మ ఆవిడతో గుసగుసలాడి ఉంది. "పెద్దమ్మా, పరేషాన్ కాకు గానీ... మీ పై అర్రల ఆడ దయ్యమున్నది. నా కండ్లతోటి నేను సూసిన."

సాయంత్రం తమ్ముడు ఇంటికి రాగానే ఆవిడ మూట తెచ్చి నట్టింట్లో పెట్టింది.

"ఏమే వేదా! ఏమిటిది? మావాడికి మందు పెట్టావా?"

"వక్కలండీ వదినగారూ. వెల్లకిలా పడుకోకుండా..."

"మొగుడి బట్టల్లో మూటలు కుట్టడం ఏ కాపురపు స్త్రీ చేస్తుందే? ఒరే జోగీ, నువ్వు చెప్పు. రాత్రిళ్ళు నీకేమవుతోందిరా?"

జోగారావు వేదవతి వంక చూశాడు. తల దించుకున్నాడు.

"ఏం చెప్పను అక్కయ్యా... ఊపిరాడక మెలకువొస్తుంది. కళ్ళు తెరిస్తే... గుండెల మీద బరువు. జుట్టు విరబోసుకుని ఒకత్తె మీదికి వంగి ఉంటుంది. మొహం కనబడదు."

"అయ్యో, అది నేనేనండీ!" అంది వేదవతి.

ఇల్లంతా ఒక్కసారి చల్లబడింది.

"నేనే. రాత్రిళ్ళు మీ మీద వంగేది నేనే..."

"విన్నావట్రా?" బాలత్రిపురసుందరి తమ్ముడి చెయ్యి పట్టుకుంది. "దాని నోటితో అదే ఒప్పుకుంటోంది."

నిద్రలేక లోతుకుపోయిన కళ్ళు, చెంపలకంటుకున్న జుట్టు, ఎముకలు తేలిన చేతులు. ఆ దీపం వెలుగులో నిజంగానే ఆమె దెయ్యంలాగే ఉంది మరి. మొగుడి ప్రాణానికి ఏళ్ళ తరబడి కాపలా కాస్తే మనిషి అలాగే తయారవుతుంది. మాట్లాడిందల్లా, దెయ్యమే మాట్లాడుతున్నట్టయింది.

రాంనగర్ అవతల నుంచి భూతవైద్యుడు దాసయ్యని పిలిపించారు. నిజం చెప్పాలంటే అతను దొంగ కాడు. దొంగైతే బాగుండేది, డబ్బు తీసుకుని పోయేవాడు. అతనికి తన వైద్యం మీద గట్టి నమ్మకం.

"అమాసదాకా ఈమె మెట్లెక్కొద్దు. గాజుల సప్పుడు ఆయన చెవిలవడొద్దు, గా సప్పుడుకే అది లేస్తది. తల కింద ఇనుము పెట్టుండ్రి. కదలకుంట, ఈపు మంచానికానిచ్చి ఎల్లెలకల పండుకోవాలె. ఈ కషాయం తాపుండ్రి, తెల్లారేదాంక కన్ను తెరవడు."

గాజులు తీసేయమంటే బాలత్రిపురసుందరి నొచ్చుకుంది. "సుమంగళి చేతులు బోసిగా ఉంచమంటావా, అపశకునం!" తనే తడిగుడ్డ చింపి వేదవతి రెండు చేతులకీ, గాజుల మీదుగా, బిగించి చుట్టింది.

పైకెళ్తూ జోగారావు మొదటి మెట్టు దగ్గర ఆగాడు. అక్కయ్య వినకుండా, గుసగుసగా అన్నాడు.

"ఈ ఒక్క రాత్రి చూద్దాం వేదా. అక్కయ్య మనసు కష్టపెట్టకు. నువ్వూ కాస్త పడుకో... నీ కళ్ళు చూడు, ఎలా అయిపోయాయో."

ఆమె మెట్ల కింద కూర్చుంది. బాలత్రిపురసుందరి నడిమెట్టు మీద అడ్డంగా పడుకుని, పెదవులు కదుపుతూ రామనామం చేసుకుంటోంది.

పైన గురక మొదలైంది.

తెగిపోయింది.

వేదవతి కుడి చెయ్యి తనంతట తనే లేచి ఆడింది. గుడ్డ కింద గాజులు మూగగా కదిలాయి. చప్పుడు లేదు...

పైన — ఒక్క ఎగశ్వాస. మళ్ళీ గురక.

"వదినగారూ, ఆగుతోందండీ... ఒక్కసారి వెళ్ళొస్తాను."

"నోర్మూసుకో. వచ్చింది కదా ఊపిరి."

మళ్ళీ తెగింది. ఈసారి ఎక్కువసేపు. మళ్ళీ వచ్చింది. అలా వస్తూనే ఉంది, పోతూనే ఉంది. ప్రతిసారీ ఆమె లేచి నిలబడుతోంది, రాగానే కూలబడుతోంది. తను లేకపోయినా వస్తోందేమో... ఒక్క రాత్రే అన్నారు కదా...

మరోసారి తెగింది.

బయట పోలీసు బూట్ల చప్పుడు సందు మొదటి దాకా వచ్చి వెళ్ళిపోయింది. గోడ మీద బల్లి పలికింది. పైన ఏమీ లేదు.

బాలత్రిపురసుందరి రామనామం ఆపి తల ఎత్తింది. చెవి ఒగ్గి వింది. ఆవిడ మొహం మెల్లగా... విప్పారింది.

"విన్నావుటే? గురక లేదు. ఎన్నేళ్ళకి!" రెండు చేతులూ జోడించింది. కళ్ళల్లో నీళ్ళు. "వదిలిందే తల్లీ, వదిలిపోయింది. మా పిచ్చితండ్రి హాయిగా నిద్రపోయాడు."

వేదవతి పళ్ళతో కట్టు చింపేసింది. పెద్దావిడని దాటకూడదని కూడా చూడలేదు. దాటేసింది.

ఎదుటి పాకలో బీరమ్మకి మెలకువ వచ్చింది. గాజులు మోగుతున్నాయి. ఎప్పటిలా కాదు. పిచ్చెత్తినట్టు, ఇంటికి నిప్పంటుకుంటే గంట కొట్టినట్టు. మోగాయి, మోగాయి, తెల్లారేదాకా మోగాయి.

మగ గొంతు మాత్రం రాలేదు.

పదో రోజు చీకటి వదలకముందే గాజులు పగలగొట్టారు. ఆ పని భర్త లేనివాళ్ళే చెయ్యాలి కనక బాలత్రిపురసుందరే చెయ్యాల్సి వచ్చింది. కొట్టబోయి ఆవిడ చెయ్యి లేవలేదు. అప్పుడు వేదవతే తన రెండు చేతులూ ఎత్తి పెరటి బావి గట్టుకేసి కొట్టుకుంది. ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఆ పెద్దావిడ గుండె బరువు కాస్త దిగి బతికిపోయేది.

వీధివాళ్ళు మాత్రం తృప్తిపడ్డారు. కామినికి కావలసినవాడు దొరికాడు, ఇంక రాదన్నారు. కుర్రాళ్ళు సందులోంచి మళ్ళీ సినిమా పాటలు పాడుకుంటూ నడిచారు. కర్ఫ్యూలు తగ్గాయి. ఎదుటింటికి రెండో అంతస్తు లేస్తోంది.

ఓ తెల్లవారుజామున, ఇంకా చీకటి ఉండగానే...

ఘల్...

బీరమ్మ చేతిలో చెంబు అలాగే ఆగిపోయింది.

ఘల్... ఘల్...

ఆ ఇంట్లో ఇద్దరూ బోసి చేతులవాళ్ళు. మోగడానికి ఆ ఇంట్లో గాజులే లేవు.

చెన్నయ్యని లేపలేదామె. తను మోసిన మాటలే ఆ ఇంటిని ఎక్కడికి తీసుకెళ్ళాయో కొంత కొంత అర్థమవుతోంది ఆమెకి. కొంగు నడుముకి చుట్టి, వెళ్ళి తలుపు తట్టింది. వెంటనే తెరుచుకుంది. బాలత్రిపురసుందరి ఎప్పట్నుంచి మేలుకుని ఉందో. ఎవరని అడగలేదు. వేలెత్తి పైకి చూపించింది, అంతే.

పై గదిలో గుడ్డి దీపం. మంచం మీద పరుపు వేసి ఉంది, దిండు ఉంది. మనిషి లేడు.

వేదవతి నేల మీద కూర్చుని, మంచం పట్టె మీద తల ఆనించి నిద్రపోతోంది. ఎడమ చెయ్యి పరుపు మీద, గుండెలుండాల్సిన చోట. కుడి చేతి పిడికిట్లో చిన్న గుడ్డమూట. ఆ పాత వక్కల మూటే. పల్చటి గుడ్డలోంచి ఆకుపచ్చగా మెరుస్తున్నాయి, గట్టు కింద ఏరుకున్న గాజుపెంకులు.

నిద్రలోనే ఆ చెయ్యి లేచింది. దిండు పక్కన ఆడింది.

ఘల్...

"గింతేనా..." బీరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "గింతేనా తల్లీ దయ్యం... నిన్నా నేను..."

నేల మీద కూలబడి, ఆమెని లేపి పడుకోబెడదామని చెయ్యి చాచింది.

అప్పుడు... దిండు మీద నుంచి —

ఊపిరి. పొడుగ్గా, బరువుగా, నీళ్ళలోంచి తేలిన మనిషి తీసుకున్నట్టు.

వేదవతి కాదు. ఆమె పెదవులు మూసుకునే ఉన్నాయి. ఖాళీ మంచం నవారు కిరకిరలాడింది, పెద్ద ఒళ్ళున్న మనిషెవరో పక్కకి ఒత్తిగిలినట్టు.

బీరమ్మ చాచిన చెయ్యి చాచినట్టే ఉండిపోయింది.

వేదవతి కళ్ళు తెరవలేదు. పిడికిలి మాత్రం మెల్లగా వదులైంది.

"హమ్మయ్య..." అంది నిద్రలోనే. "తీసుకున్నారు."